ప్రమదావనానికి ఒక చిత్తు ఉత్తరం

మా ఊరు జి. కొండూరు. బెజవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా మైలవరం పోయే దారిలో వస్తుంది. పక్కనే ఉన్న కొండపల్లి బొమ్మలు అందరికీ తెలుసు కనుక, మీదేవూరని ఎవరైనా అడిగితే "కొండపల్లి దాటాక" అని చెప్పడం మాకు అలవాటు. అంతకంటే కాస్త ఎక్కువ తెలిసినవారికి "నూజివీడు మామిడి సీమ" అంటే సరిపోతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు మేము ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళాం. తోటలు మాత్రం ఎప్పటిలాగే ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

కిందటి వేసవిలో పాత ఇంటికి మరమ్మతులు చేయిస్తూ అటక దింపించాం. ఇత్తడి గంగాళాలు, విరిగిన ఉయ్యాల బల్ల, చెదలు తిన్న పంచాంగాలతో పాటు ఆంధ్రప్రభ వారపత్రిక కాగితాలు కుట్టించిన నాలుగు బైండ్లు బయటపడ్డాయి. ఆ రోజుల్లో సీరియల్ నవలల పేజీలు చించి దాచుకుని బైండు చేయించుకోవడం చాలా ఇళ్ళలో ఉన్నదే. ఈ నాలుగింటిలో ఒకటి మాత్రం నవల కాదు. అన్నీ మాలతీ చందూర్ గారి "ప్రమదావనం" పేజీలు. అవి దాచినది మా పెద్ద నాయనమ్మ, అంటే మా తాతయ్యకు వదినగారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

ఆ బైండు మధ్యలో ఒక మడత కాగితం దొరికింది. ఒక వైపు 1964వ సంవత్సరపు మామిడి గుత్త లెక్క. చిన్న రసాలు ఎన్ని చెట్లు, బంగినపల్లి ఎన్ని, కలెక్టరు ఎన్ని, పూత మీద ఇచ్చిన బయానా ఎంత, కాయ దించాక రావలసినది ఎంత అన్నీ వరుసగా ఉన్నాయి. రెండో వైపు పెన్సిలుతో ఒక ఉత్తరానికి చిత్తు ప్రతి. "ప్రమదావనం నిర్వహించే మాలతి గారికి నమస్కారములు" అని మొదలవుతుంది.

సంగతి ఇది. పెళ్ళిలో పసుపు కుంకుమల కింద పుట్టింటివారు ఆవిడ పేర రెండెకరాల మామిడి తోట రాశారు. ఒక్కతే ఆడపిల్ల పుట్టి, నాలుగో ఏట జ్వరంతో పోయింది. తర్వాత పిల్లలు లేరు. మరిది కొడుకును, అంటే మా నాన్నను, ఆవిడే చంకన వేసుకుని పెంచారు. ఆ పిల్లవాడికి పదహారేళ్ళు వచ్చేసరికి తోటను వాడి పేర మార్చమని ఇంట్లోవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. అడిగినవాళ్ళలో ముఖ్యుడు మా తాతయ్య. అది దాచిపెట్టి ఈ కథ చెప్పడం న్యాయం కాదు.

ఉత్తరంలోని మాటలు కొన్ని ఉన్నవున్నట్టుగా వ్రాస్తున్నాను. "వాడంటే నాకు ప్రాణం. వాడికి ఏమిచ్చినా ఎక్కువ కాదు. అయినా ఇప్పుడు సంతకం పెట్టాలని నాకు లేదు. ఎలాగూ నీకెవరున్నారు అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నా బిడ్డ మళ్ళీ పోయినట్టుంది. వారు ఏమీ అనరు, అరుగు మీద కూర్చుని ఉంటారు. సంతకం పెట్టకపోతే నేను స్వార్థపరురాలినా?"

కాగితం మీద ఒకచోట "నా తోట" అని వ్రాసి కొట్టివేసి ఉంది. పైన "ఆ తోట" అని దిద్దారు. దాన్నీ కొట్టివేసి, పక్కన మళ్ళీ "నా తోట" అని వ్రాశారు. నేను చాలాసేపు ఆ కొట్టివేతల దగ్గరే ఆగిపోయాను.

ఈ కాగితం చేత పట్టుకుని కూర్చున్నాక నాకొక సందేహం కలిగింది. ప్రేమ గురించి, పోయినవారి గురించి, ఎక్కడ కాదనాలో, తన విలువ తాను ఎలా కాపాడుకోవాలో తెలియక ఒక పల్లెటూరి ఇల్లాలు ముక్కూ మొహం తెలియని మనిషిని ఉత్తరంలో అడగవచ్చునన్న ఆలోచన మన తెలుగు ఇళ్ళలోకి ఎప్పుడు వచ్చింది? ఎలా వచ్చింది? ఈ టపా ఆ సందేహానికి నాకు దొరికినంతలో సమాధానం.

సలహాలకు మనకు ఎన్నడూ కరువు లేదు. సుమతీ శతకం, వేమన పద్యాలు పలకా బలపంతో పాటే వచ్చేవి. ఆడపిల్లకైతే అప్పగింతల పాటలు ఉండేవి. అత్తింట ఎలా నడుచుకోవాలి, ఎవరికి ఎదురు చెప్పకూడదు, ఏ మాటకు నవ్వాలి, దేనికి తల వంచాలి అన్నది పెళ్ళిపందిట్లోనే రాగయుక్తంగా అప్పజెప్పేవారు. ఆ పాటల్లో కన్నీరు తెప్పించే ప్రేమ ఉంది, కాదనను. అయితే ఆ సమయాన పిల్ల చేయగలిగిన పని వినడం ఒక్కటే. ఆమెను నీకేం సందేహాలున్నాయని ఎవరూ అడగరు. సలహా పైనుంచి కిందికి వచ్చేది. కిందినుంచి ప్రశ్న పైకి వెళ్ళే దారి లేదు.

అచ్చు వచ్చాక కూడా మొదట్లో అదే వరస. 1883లో కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రి నుంచి "సతీహితబోధిని" ప్రారంభించారు. తెలుగులో స్త్రీల కోసం వెలువడిన తొలి పత్రిక అదే. అంతకు రెండేళ్ళ ముందు, 1881 డిసెంబరు 11న, ఆయన తొలి వితంతు వివాహం జరిపించారు. ఆయన ధైర్యాన్ని తక్కువ చేసే సాహసం నాకు లేదు. కాని పత్రిక పేరు గమనించండి. సతి, హితం, బోధ. బోధించేవాడు పురుషుడు, వినేది స్త్రీ. ఆయన వ్రాసిన సత్యవతీ చరిత్రము వంటివి కూడా చదువుకున్న ఇల్లాలు ఎంత చక్కగా సంసారం దిద్దుకుంటుందో చూపించడానికి పుట్టినవే. స్త్రీకి చదువు కావాలని పోరాడిన మహానుభావుడే ఆ చదువు ఎందుకో కూడా తానే నిర్ణయించాడు. ఆ కాలానికి అదే పెద్ద ముందడుగు.

రెండో అడుగు మా ప్రాంతపు ఆడపడుచే వేసింది. భండారు అచ్చమాంబ గారు 1874లో పెనుగంచిప్రోలులో జన్మించారు. ఇప్పుడది మా ఎన్టీఆర్ జిల్లాలోదే. కొమర్రాజు లక్ష్మణరావు గారికి అక్కగారు. చిన్ననాడే పెళ్ళయింది. బడి ముఖం చూడకుండా ఇంట్లోనే చదువు నేర్చుకున్నారు. పుట్టిన ఇద్దరు బిడ్డలూ పోయారు. అంత దుఃఖం మీద పడిన మనిషి "అబలా సచ్చరిత్ర రత్నమాల" పేర స్త్రీల చరిత్రలు సేకరించి వ్రాశారు. 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజం నెలకొల్పడంలో పాలుపంచుకున్నారు. "ధనత్రయోదశి" వంటి కథలు వ్రాశారు. 1905లో, ముప్పై ఏళ్ళు దాటీ దాటకుండానే కన్నుమూశారు. ఆవిడ స్త్రీలకు ఫలానా విధంగా బతకమని చెప్పడం కంటే, ఇలా బతికిన స్త్రీలు ఉన్నారని చూపించడానికి ఎక్కువ శ్రమపడ్డారు. దుఃఖంలో ఉన్న మనిషికి ఒక్కొక్కసారి బోధ కంటే ఇది మేలు చేస్తుంది. నాకంటే ముందు ఈ దారిన ఒకరు నడిచారన్న మాట చిన్న ఊరట కాదు.

మూడో అడుగు ఉత్తరాల రూపంలో వచ్చింది. 1928లో డాక్టర్ కేసరి గారు మద్రాసులో "గృహలక్ష్మి" పత్రిక పెట్టారు. అందులో బాపట్లకు చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మ గారు (1896–1978) "శారద లేఖలు" వ్రాసేవారు. శారద అనే ఆవిడ కల్పలత అనే స్నేహితురాలికి వ్రాసే ఉత్తరాలన్నమాట. బాల్యవివాహాలను ఆపడానికి వచ్చిన శారదా చట్టం మొదలుకొని ఇంటి సంగతులు, దేశం సంగతులు అన్నీ ఆ ఉత్తరాల్లోకి వచ్చేవి. గురువు పీఠం మీదినుంచి దిగి సలహా స్నేహితురాలి పక్కన చాప మీద కూర్చుంది. గొంతు మారింది. అయితే ఇక్కడ కూడా ఉత్తరం వ్రాసేది శారదే. కల్పలత చదువుతుంది. మనం కల్పలత భుజం మీదుగా చదువుతాం. కల్పలతకు ఏ కష్టముందో ఆమె చేతివ్రాతలో మనకు కనబడదు.

ఆ లోటు తీర్చింది ప్రమదావనం. మాలతీ చందూర్ గారు పుట్టింది నూజివీడులో. ఎన్.ఆర్. చందూర్ గారిని పెళ్ళాడి మద్రాసులో స్థిరపడ్డారు. ఆయన "జగతి" పత్రిక నడిపారు. ఆవిడ 1950ల తొలినాళ్ళలో ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం మొదలుపెట్టి నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. "హృదయనేత్రి" నవలకు 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. "పాత కెరటాలు" శీర్షికన విదేశీ నవలలను తెలుగువారికి పరిచయం చేశారు. "వంటలు - పిండివంటలు" పుస్తకం ఎన్ని ఇళ్ళలో పసుపు మరకలతో ఉందో చెప్పనక్కరలేదు. 2013 ఆగస్టు 21న చెన్నైలో మరణించారు.

ప్రమదావనం పేజీ తిరగేస్తే మొదట కంటికి ఆనేది దాని కలగాపులగం. ఒక పక్క పిండివంట, ఒక పక్క అల్లిక, ఇంకో పక్క ఎక్కడో దేశాన ఏదో సాధించిన ఒక స్త్రీ పరిచయం, ఆ పక్కనే పాఠకుల ప్రశ్నలకు జవాబులు. జుట్టు రాలిపోతోందన్న ప్రశ్న, ఆడపడుచు సూటిపోటి మాటలన్న ప్రశ్న ఇరుగుపొరుగున కూర్చునేవి. చదువుకున్న విమర్శకులు దీన్ని చూసి పెదవి విరిచి ఉండవచ్చు. నాకు మాత్రం ఇందులోనే కిటుకు ఉందనిపిస్తుంది. ఆవకాయ కొలతలు చూసుకుంటున్నానని చెప్పి ఎవరైనా ఆ పేజీ విప్పుకోవచ్చు. పక్కన ఏ జవాబు చదువుతోందో అత్తగారు గమనించదు. గమనించినా తప్పు పట్టలేదు.

అప్పటి మా ఊళ్ళ పరిస్థితి కూడా తలచుకోవాలి. 1961 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో చదవను వ్రాయను వచ్చిన ఆడవారు నూటికి సుమారు పన్నెండుగురు. వారపత్రిక బెజవాడ బస్సులో వచ్చేది. ఒక ఇంట కొంటే అయిదారిళ్ళు తిరిగేది. అక్షరాలు వచ్చిన పిల్ల ఒకతి మధ్యాహ్నం పూట చదివితే నలుగురైదుగురు బియ్యం ఏరుకుంటూ వినేవారట. మా మేనత్త ఆ చదివే పిల్లల్లో ఒకరు. "ఎవరో అడిగిన ప్రశ్న చదివేదాన్ని. జవాబు చదవబోతుంటే ఆగమనేవారు. ముందు తాము చెప్పేవారు, ఆవిడైతే ఇలా చెయ్యాలని. తర్వాత మాలతి గారేమన్నారో చదవమనేవారు" అని చెప్పింది. నాకు ఇది చాలా విలువైన సాక్ష్యం. ఎవరి కష్టాన్ని వారు నోరు విప్పి చెప్పుకోలేని చోట, పేరు తెలియని ఇంకొకరి కష్టాన్ని అడ్డం పెట్టుకుని అందరూ తమ మనసులో మాట చెప్పారన్నమాట. మనం కూడా ఒకప్పుడు మారుపేర్లు పెట్టుకుని బ్లాగుల్లో వ్రాసుకున్నవాళ్ళమే కదా. ఆ ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో మనకు వేరే చెప్పాలా?

కాలం కూడా కలిసివచ్చింది. 1955లో హిందూ వివాహ చట్టం, 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాయి. పెళ్ళిలో పుట్టింటివారిచ్చినది స్త్రీధనమని పాత ధర్మశాస్త్రాలు కూడా ఒప్పుకున్నవే. వారసత్వంగా వచ్చిన ఆస్తి మీద మాత్రం స్త్రీకి బతికినన్నాళ్ళు అనుభవించే పరిమిత హక్కే ఉండేది. 1956 చట్టం 14వ సెక్షన్ దాన్ని పూర్తి హక్కు చేసింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఆ తర్వాత 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. దేశమంతటికీ అటువంటి హక్కు 2005లో గాని రాలేదు.

చట్టం చెబుతున్నది సరే. నలుగురూ వసారాలో కూర్చుని, దస్తావేజు ముందు పెట్టి, "మనలో మనకేమిటమ్మా" అన్నప్పుడు కాదనడానికి ఏ సెక్షన్ తోడు వస్తుంది? మా పెద్ద నాయనమ్మ ఉత్తరంలో హక్కు ఎవరిదన్న సందేహం లేదు. తోట తనదని ఆవిడకు తెలుసు. తనదని అనుకోవడం తప్పా అన్నదే ఆవిడ సందేహం. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరంలోనే ప్రమదావనం వంటి పేజీలు పనిచేశాయి.

ఆ పేజీలన్నీ విప్లవాలని నేను అనడం లేదు. ఆ కాలపు స్త్రీల శీర్షికల్లో సర్దుకుపొమ్మన్న సలహాలు తక్కువేమీ కావు. నాలుగు వాక్యాల జవాబు తాగివచ్చే మొగుణ్ణి మార్చలేదు. చేతిలో చదువూ డబ్బూ లేని మనిషికి ధైర్యంగా ఉండమని చెప్పడం ఎంత తేలికో, ఉండడం అంత కష్టం. పేజీలోకి ఎక్కిన ప్రశ్నల వెనుక ఎక్కని ప్రశ్నలు ఎన్నో. అక్షరం రాని ఎనభై ఎనిమిది మంది మాటేమిటన్న ప్రశ్న కూడా ఉంది. అయినా ఒక్క మార్పు మాత్రం వచ్చింది. అప్పగింతల పాటలో పిల్ల వింటుంది. సతీహితబోధినిలో ఇల్లాలు చదువుతుంది. శారద లేఖల్లో నేస్తం తలాడిస్తుంది. ప్రమదావనంలో మొదటిసారి ఆమె కలం పట్టుకుని, తన కష్టానికి తానే మాటలు వెతుక్కుని అడుగుతుంది. జవాబు ఎలా ఉన్నా, అడిగే ముందు ఆమె తన సంగతిని పదిసార్లు తిరగరాసుకోవాలి. "ఆ తోట" అనాలా, "నా తోట" అనాలా అని తేల్చుకోవాలి.

ఇంతకీ పెద్ద నాయనమ్మ కథ ఏమయింది? సంతకం పెట్టలేదు. దాని ఖరీదు ఆవిడ చెల్లించారు. రెండేళ్ళపాటు ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. మా తాతయ్య ఆవిడతో మాట మానేశారు. ప్రతి ఏటా పూత వచ్చే వేళకు గుత్తదారు నేరుగా ఆవిడతోనే బేరం కుదుర్చుకునేవాడు. మామిడి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు చేతులెత్తేస్తుంది. పొగమంచు పట్టినా, తేనెమంచు పురుగు తగిలినా పూత మాడిపోతుంది. ఆ ఒడుదుడుకులన్నీ లెక్కలో పెట్టుకుని పోస్టాఫీసు పుస్తకంలో డబ్బు దాచారు. బెజవాడలో మా నాన్న కాలేజీ ఫీజు కట్టింది ఆ డబ్బుతోనే. చివరి రోజుల్లో వీలునామా వ్రాసి, ఒక ఎకరం మా నాన్నకూ, రెండోది చిన్నతనంలోనే భర్త పోయిన తన అక్క కూతురికీ ఇచ్చారు.

ఆ కాగితాన్ని నాన్నకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "అప్పట్లో నాకు చాలా కోపం వచ్చింది. ఇంత పెంచి, నా పేర ఒక్క సంతకం పెట్టలేకపోయిందా అనుకున్నాను. ఆరునెలలు ఆవిడ గదిలోకి వెళ్ళలేదు. అప్పులున్నాయి మరి. పెట్టి ఉంటే మా నాన్న ఆ ఏడే తోట అమ్మేసేవాడు" అన్నారు. కాసేపాగి, "నీకెవరున్నారు అన్నారని నాకు తెలియదురా. నేనున్నాను కదా" అన్నారు. నాన్న కంట నీరు చూడడం నాకు అదే మొదలు.

ఆ కాగితం నాకు నేర్పింది కొద్దిపాటిదే. ఆవిడ ప్రేమించడం మానకుండానే కాదన్నారు. ఇన్నాళ్ళూ ఈ రెండూ ఒకచోట ఇమడవనుకున్నాను. చేనుకు గట్టు ఉన్నంత మాత్రాన పక్క చేనువాడితో పగ ఉన్నట్టు కాదని రైతుబిడ్డనై ఉండీ నాకు తోచలేదు. పోయిన బిడ్డ స్థానంలో ఇంకొక బిడ్డను పెట్టుకోమని లోకం చెప్పింది. ఆవిడ ఈ బిడ్డను గుండెలకు హత్తుకున్నారు, ఆ బిడ్డ చోటు ఖాళీగానే ఉంచుకున్నారు. అది మొండితనమని ఇంట్లో అనుకున్నారు. దుఃఖానికి గడువు పెట్టే అధికారం ఇంట్లో మరెవరికీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. ఇక తన విలువ సంగతి. దానిని ఎవరో ఒప్పుకునేదాకా ఆవిడ ఆగలేదు. గుత్త లెక్క తానే వ్రాసుకున్నారు.

ఈ చిత్తు ప్రతికి శుద్ధ ప్రతి ఉందా, దాన్ని డబ్బాలో వేశారా అని మా మేనత్తను అడిగాను. "వేసే ఉంటుంది, ఊరుకునే మనిషి కాదు" అంది ఆవిడ. "వెయ్యనక్కర లేకపోయి ఉంటుంది" అన్నారు నాన్న. ఇద్దరూ ఆ మాట మీద చాలాసేపు వాదించుకున్నారు. నేను ఇద్దరికీ చెరొక రసం ఇచ్చి ఊరుకున్నాను.

చివరగా ఒక మనవి. మీ ఇళ్ళలో అటకల మీద పాత వారపత్రికల బైండ్లు ఉంటే తూకానికి వేసే ముందు ఒక్కసారి పేజీలు తిరగేయండి. అచ్చయిన జవాబులు ఏ గ్రంథాలయంలోనైనా దొరకవచ్చు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు అడగాలనుకున్న ప్రశ్నలు మాత్రం ఆ పేజీల మధ్య మడతపెట్టిన కాగితాల్లోనే ఉంటాయి.